పాల చీటీలో దొరికిన ఎద

ప్రశ్న: డాక్టరుగారూ, మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. మూడు గ్రేడెడ్ ముర్రా గేదెలున్నాయి. రెండు చూడితో ఉండి ఒట్టిపోయాయి. మూడోది రెండో ఈత, డిసెంబరు 10న ఈనింది. మాయ మర్నాడు సాయంత్రం దాకా పడకపోతే, ఊళ్లో ఒకాయన చేత్తో తీశాడు. ఐదో నెల వెళ్లబోతోంది, ఇంతవరకు ఎదకు రాలేదు. ఏప్రిల్ మొదటి వారంలో దూడ చచ్చిపోయింది. అప్పట్నుంచి పాలు చేపడం లేదని పూటపూటా సూది వేసి పితుకుతున్నాం. మా బావగారి అబ్బాయి మందుల షాపు నుంచి ఇంకో హార్మోన్ సూది తెచ్చాడు, వేస్తే మూడు రోజుల్లో ఎదకొస్తుందట. మా ఆయనేమో గొడ్డుపోయింది, అమ్మేద్దాం అంటున్నాడు. మా కోడలికి మూడో నెల. ఈ గేదె పాలే తాగుతుంది, పశువుల పని కూడా తనే చూస్తుంది. సూది మందు పాలల్లోకి వస్తుందా అని టెన్షన్‌గా ఉంది. మేత సరిపోతోందో లేదో చూడమని మేత లెక్క, పాల కేంద్రం చీటీలు కూడా పంపుతున్నాను.
(ఒక పాఠకురాలు, పల్నాడు జిల్లా)

జవాబు: అమ్మా, ముందు ఒక తొందర పని. మీ బావగారి అబ్బాయి తెచ్చిన మందు సీసాను మీ కోడలి చెయ్యి తగలని చోట పెట్టించండి. మీరు పేరు రాయలేదు గానీ, మూడు రోజుల్లో ఎదకొస్తుందన్న మాటను బట్టి అది ప్రోస్టాగ్లాండిన్ అయ్యుంటుంది. ఆ మందు చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుంది. గర్భంతో ఉన్న మనిషి చేతిమీద ఒలికితే గర్భానికే ముప్పు. ఉబ్బసం ఉన్నవాళ్లకైతే ఊపిరి బిగుసుకుంటుంది. మేం కూడా చేతులకు తొడుగులు వేసుకుని వాడాల్సిన మందు అది, ఇంట్లో కూరగాయల పక్కన ఫ్రిజ్‌లో ఉండాల్సింది కాదు. పొరపాటున ఎవరి మీదైనా పడితే వెంటనే సబ్బుతో కడిగి, కోడలైతే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఇక గేదె సంగతి. మేత కోసం చూడమని మీరు పంపిన చీటీల్లోనే అసలు ప్రశ్నకు సగం జవాబు కనిపించింది. మిగతా రెండూ ఒట్టిపోయాయి కాబట్టి ఆ లెక్కంతా ఈ ఒక్క గేదెదే. రోజుకు ఎనిమిది లీటర్లకు అటూ ఇటూగా పోస్తున్నది ఫిబ్రవరి 18న ఆరున్నరకు పడిపోయింది. మర్నాటికి మళ్లీ మామూలే. మార్చి 11న ఇంకోసారి ఆరున్నర. ఏప్రిల్ 1న ఆరు ముప్పావు. వేళ్లమీద లెక్కపెట్టండి, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య సరిగ్గా 21 రోజులు. ఆ తర్వాత ఏప్రిల్ 23న అరలీటరు తగ్గింది, అంటే 22 రోజులకు. గేదె ఎద చక్రం కూడా సుమారుగా 21 రోజులే. మేత తగ్గితేనో జ్వరం వస్తేనో పాలు ఇలా తేదీలు చూసుకుని తగ్గవు. నాకు తోచినంతవరకు మీ గేదె నాలుగుసార్లు ఎదకు వచ్చింది. మీకు కనపడలేదు, అంతే. దీన్నే మూగ ఎద అంటాం.

చీటీ చూసి గేదెను పరీక్షించకుండా తీర్పు చెప్పడం నాకూ ఇష్టం ఉండదు. అందుకే ఏం పరీక్ష చేయించాలో కింద రాస్తాను. అంతకన్నా ముందు ఆ 21 రోజుల్లో లోపల ఏం జరుగుతుందో తెలిస్తే, షాపు సూది ఎందుకు వద్దంటున్నానో మీకే అర్థమవుతుంది.

హార్మోన్ అంటే ఒంట్లో ఒకచోట పుట్టి, రక్తంలో పడి వెళ్లి, ఇంకోచోట పని చేయించే కబురు. గేదె మెదడు అడుగున హైపోథలమస్ అనే చిన్న భాగం ఉంది. అక్కణ్ణుంచి జీఎన్‌ఆర్‌హెచ్ అనే కబురు కిందనే ఉన్న పిట్యూటరీ గ్రంథికి వెళ్తుంది. ఆ కబురు ఎంత సన్నదంటే, దాన్ని కాస్తంత విడదీసి ఇదేమిటో తేల్చడానికి అమెరికాలో ఆండ్రూ షాలీ బృందానికి లక్షన్నరకు పైగా పందుల మెదడు ముక్కలు కావలసి వచ్చాయి. అది 1971 నాటి సంగతి. అదే పనిని గొర్రెల మెదళ్లతో పోటాపోటీగా చేసిన రోజర్ గిల్లెమాన్‌తో కలిపి 1977లో ఆయనకు నోబెల్ ఇచ్చారు. ఈరోజు మన పశువుల ఆస్పత్రిలో దొరికే సీసా వెనక అంత కథ ఉంది.

ఆ కబురు అందుకున్న పిట్యూటరీ అండాశయాన్ని కదిలిస్తుంది. అండాశయంలో నీటి బుడగ లాంటి తిత్తి ఒకటి పెరుగుతూ ఈస్ట్రోజెన్ విడుదల చేస్తుంది. అరవడం, మాటిమాటికీ మూత్రం పోయడం, మానం ఉబ్బడం, అక్కణ్ణుంచి జిగురు తీగలు వేయడం, ఇవన్నీ ఆ ఈస్ట్రోజెన్ చేయించే పనులే. లక్షణాలు చల్లారాక సుమారు అరరోజుకు తిత్తి పగిలి అండం బయటికి వస్తుంది. పగిలిన చోట చిన్న గడ్డ కడుతుంది, దాని పేరు కార్పస్ లూటియం. ఇది ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ చేస్తుంది. ప్రొజెస్టరాన్ ఉన్నన్నాళ్లూ గేదె ఎదకు రాదు. చూడి కట్టిందేమో, తొందరపడకు అని పైకి చెబుతున్నట్టు ఉంటుంది దాని వ్యవహారం. గర్భసంచి సుమారు 16, 17 రోజులు చూసి, పిండం జాడ లేకపోతే తానే ప్రోస్టాగ్లాండిన్ వదిలి ఆ గడ్డను కరిగించేస్తుంది. గడ్డ కరిగితే ప్రొజెస్టరాన్ పడిపోతుంది, మళ్లీ కొత్త తిత్తి పెరుగుతుంది, మళ్లీ ఎద.

మీవాడు తెచ్చిన సూది చేసే పని ఇందులో ఒక్కటే, గడ్డను కరిగించడం. గడ్డ ఉంటే సాధారణంగా మూడు నాలుగు రోజుల్లో ఎద వస్తుంది, అతను చెప్పింది అబద్ధం కాదు. కానీ గడ్డే లేని గేదెకు వేస్తే? కబురు వెళ్తుంది, అందుకునేవాడు ఇంట్లో లేడు. ఎద వచ్చిన తొలి నాలుగైదు రోజుల్లో వేసినా అంతే, లేతగడ్డ ఆ మందుకు లొంగదు. ఇక గేదె అప్పటికే చూడితో ఉంటే, ఆ చూడిని నిలబెడుతున్నది ఆ గడ్డే. అది కరిగితే ఈసుకుపోతుంది. ఎదకు రాలేదనగానే సూది అందుకోవడం, దున్న ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టే.

ఆ తప్పు నేనూ చేశాను కాబట్టి చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక రైతు నెలల తరబడి ఎదకు రావడం లేదని గేదెను తోలుకొచ్చాడు. దున్నపోతుకు కట్టించలేదు, గర్భధారణ సూది వేయించలేదు అని గట్టిగా చెప్పాడు. బయట వరసలో ఇంకో పది పశువులున్నాయి. చెయ్యి పెట్టి చూశాను గానీ శ్రద్ధగా చూడలేదు. మూడో రోజు ఆయన మళ్లీ వచ్చాడు, ఈసారి గోనె సంచిలో పిండం పట్టుకుని. మూడు నెలలది. మేతకు వెళ్లినప్పుడు మందలో దున్నపోతు పని కానిచ్చేసిందని తర్వాత తెలిసింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత రైతు ఎంత ఒట్టేసి చెప్పినా, చూడి లేదని నా చెయ్యి చెబితే గానీ ఆ మందు ముట్టుకోలేదు.

మీ గేదె ఎద మీ కంట ఎందుకు పడలేదో చూద్దాం. గేదె ఆవులా రచ్చ చేయదు. ఒకదానిమీద ఒకటి ఎక్కడం గేదెల్లో తక్కువ. తీగ కూడా ఆవుకు లాగా తోకకు అంటుకుని వేలాడదు, లోపలే నిలిచి, పడుకున్నప్పుడు కాస్త జారుతుంది. దానికి తోడు లక్షణాలు ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున బయటపడతాయి. మనం పాలు తీసి పేడ ఎత్తేసరికి కథ ముగిసిపోతుంది. ఈనాక వచ్చే తొలి ఎదలో లక్షణాలు అసలే పలచన, ఎందుకంటే అంతకుముందు కొన్నాళ్లు ప్రొజెస్టరాన్ ఊరితేనే మెదడు ఈస్ట్రోజెన్‌కు గట్టిగా పలుకుతుంది.

పైగా ఎండాకాలం. దున్నపోతు మీద వాన కురిసినట్టు అని మనం తేలిగ్గా అనేస్తాం గానీ, వాన పడ్డప్పుడు లోలోపల ఎక్కువగా కదిలేది గేదె జాతే. నల్ల తోలు ఎండను పీల్చుకుంటుంది, చెమట గ్రంథులు ఆవుకున్నదాంట్లో చాలా తక్కువ. ఒళ్లు కాగితే మేత తగ్గుతుంది, మెదడు నుంచి పోవాల్సిన కబుర్లు మందగిస్తాయి, ఈస్ట్రోజెన్ పలచబడుతుంది. దీనికి పగటి పొడవు కూడా తోడవుతుంది. చీకట్లో మెదడులో ఊరే మెలటోనిన్‌ను బట్టి గేదె రుతువును పోల్చుకుంటుంది. రాత్రులు పొడవయ్యే కొద్దీ ఎద బలపడే జాతి ఇది. మనకు డిసెంబరులో పగలు 11 గంటలు, జూన్‌లో 13 గంటల పైచిలుకు. ఉత్తరాదిలో ఈ తేడా ఇంకా ఎక్కువ, అక్కడ గేదెలు కాలాన్ని మరీ కచ్చితంగా పాటిస్తాయి. మన దగ్గర వెలుతురు కన్నా వేడి, పచ్చిమేత కరువే పెద్ద అడ్డంకులని నా అనుభవం. వరిగడ్డి మీదే నెట్టుకొస్తున్న గేదెకు ఏ సూది వేసినా అండాశయం మేలుకోదు. కాబట్టి మిట్టమధ్యాహ్నం నీళ్లు చల్లండి, చెరువుంటే పొర్లనివ్వండి, మేతలో ఎక్కువ భాగం చల్లపూట, రాత్రిపూట వేయండి, రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం దాణాలో కలపండి. మీరు రాసిన మేత లెక్కలో పచ్చిగడ్డి బాగా తక్కువగా ఉంది, అది పెంచండి. పాల దిగుబడికి దాణా సరిపోతోంది.

ఇప్పుడు పరీక్ష. ఈ జవాబు మీకు అందేసరికి మే మొదటి వారం. ఏప్రిల్ 23న ఎద వచ్చిందన్న నా లెక్క నిజమైతే మే 3, 5 తేదీల మధ్య అండాశయంలో గడ్డ ముదిరి ఉండాలి. ఆ రోజుల్లో పశువైద్యుణ్ణి పిలిపించి చేత్తో చూడమనండి. గేదెలో ఆ గడ్డ ఆవులో లాగా బొడిపెలా బయటికి పొడుచుకురాదు, అండాశయంలోనే ఒదిగి ఉంటుంది. అనుభవం ఉన్న చెయ్యి కూడా పొరపడుతుంది. స్కానింగ్ అందుబాటులో ఉంటే మంచిది, లేదంటే పది రోజుల తేడాతో రెండుసార్లు చూడమని అడగండి, డాక్టరు ఏమీ అనుకోడు. ఇంకో సంగతి కూడా చూడమనండి: మాయ సమయానికి పడలేదు, చేత్తో లాగారు కాబట్టి గర్భసంచిలో చీము మిగిలిందేమో. బాగా చీము పట్టి ఉంటే గర్భసంచి ప్రోస్టాగ్లాండిన్ వదలదు, గడ్డ అలాగే ఉండిపోతుంది, ఎద ఆగిపోతుంది. మీ చీటీలు 21 రోజుల లయ చూపిస్తున్నాయి కాబట్టి అంత లేదనే అనుకుంటున్నాను. కొద్దిపాటి చీము మాత్రం ఉండొచ్చు. ఈసారి తీగ కనిపించినప్పుడు చూడండి. కోడిగుడ్డు తెల్లసొనలా తేటగా ఉంటే మంచిదే. తెల్లటి పలుకులు ఉంటే ఆ ఎదకు గర్భధారణ సూది వేయించకుండా ముందు వైద్యం చేయించండి.

మాయ ఆగిపోవడానికి బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి కూడా ఒక కారణం, అది మనుషులకూ అంటుతుంది. మీ కోడలిని ఇకమీదట ఈతల దగ్గరికి, మాయ దగ్గరికి రానివ్వకండి. పాలు పొంగేదాకా కాచి ఇవ్వండి.

గడ్డ ఉందని తేలితే డాక్టరు ప్రోస్టాగ్లాండిన్ వేస్తానని అనవచ్చు, అప్పుడు అది సరైన మందే. నేనైతే వేయను. ఎలాగూ పది రోజుల్లో దానంతటది రాబోయే ఎద కోసం ఖర్చెందుకు? ఒకవేళ నా లెక్క తప్పి, అండాశయాలు చదునుగా, పని మానేసి ఉన్నాయని తేలితే అప్పుడు వేరే దారి. మేత సరిచేసి, ప్రొజెస్టరాన్ ఉన్న చిన్న పరికరాన్ని యోనిలో ఏడు నుంచి తొమ్మిది రోజులు ఉంచి తీస్తారు. ఉన్నట్టుండి ప్రొజెస్టరాన్ పడిపోవడంతో మెదడు మేలుకుంటుంది. ముందు జీఎన్‌ఆర్‌హెచ్, ఏడో రోజున ప్రోస్టాగ్లాండిన్, తొమ్మిదో రోజున మళ్లీ జీఎన్‌ఆర్‌హెచ్ వేసి, ఎద కనిపించినా కనిపించకపోయినా మర్నాడు గర్భధారణ సూది వేసే పద్ధతి కూడా ఉంది. 1990లలో అమెరికా పాడి ఆవుల కోసం పుట్టింది, చక్రం తిరుగుతున్న గేదెల్లో బాగానే పనిచేస్తుంది. నిద్రపోతున్న అండాశయాల్లో దాని ఫలితం అంతంతమాత్రం.

మే 12 నుంచి మీరు చేయాల్సిన పని కాపలా. రాత్రి పదింటికి ఒకసారి, తెల్లవారి నాలుగింటికి ఒకసారి టార్చి పట్టుకుని వెళ్లండి. పడుకున్న గేదె వెనక నేల మీద జిగురు ఉందేమో చూడండి. మానం ముడతలు పోయి నున్నగా ఉబ్బిందా, లోపలి పొర ఎర్రబడిందా చూడండి. చన్నులు పాలు చేపినట్టు బిగుసుకోవడం గేదెల్లో మంచి గుర్తు. ఊళ్లో దున్నపోతు ఉంటే పూటకోసారి దగ్గరికి తోలండి. అది మూత్రం వాసన చూసి, మూతి పైకెత్తి, పైపెదవి ముడిచిందంటే ఆ గేదెను వదలకండి. మనకు అందని వాసన దానికి అందుతుంది. తెల్లవారుజామున ఎద కనిపిస్తే ఆ సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాటి పొద్దున గర్భధారణ సూది వేయించండి. గేదె అరవగానే పరుగెత్తి వేయించే సూదులు చాలా వృథా పోతాయి, ఎందుకంటే అండం రావడానికి ఇంకా రోజు పడుతుంది. మర్నాటికి కూడా లక్షణాలు తగ్గకపోతే ఇంకోసారి వేయించండి. ఆ సూది వేసే గోపాలమిత్ర వీర్యం గొట్టాన్ని నత్రజని డబ్బాలోంచి తీసి, గోరువెచ్చటి నీళ్లలో అరనిమిషం ఉంచుతున్నాడా లేదా అని ఓ కంట చూడండి. ఊరికే చేతుల మధ్య రుద్దితే చాలా కణాలు అక్కడే చస్తాయి.

ఇక పాలు తీయడానికి వేస్తున్న సూది, ఆక్సిటోసిన్. ఏప్రిల్ 23న పాలు అరలీటరే ఎందుకు తగ్గాయని అడిగారనుకోండి, కారణం ఇదే అనుకుంటున్నాను. ఎద రోజున గేదె కుదురుగా నిలబడదు, సరిగ్గా చేపదు, అందుకే పాలు తగ్గుతాయి. మీరు సూదితో బలవంతంగా చేపించారు కాబట్టి ఆ గుర్తు కూడా చెరిగిపోయింది. అంటే మూగ ఎదకు మిగిలి ఉన్న ఒక్క గొంతునూ మీరే నొక్కేశారు. ఇంకో మాట కూడా ఉంది. ఎద తర్వాత తొలి వారంలో పెయ్యలకు పెద్ద మోతాదులో రోజూ ఆక్సిటోసిన్ ఇస్తే చక్రం కుదించుకుపోతుందని 1959లోనే అమెరికాలో తేల్చారు. ఆ మందును కేవలం పొదుగు సంగతి అనుకోకూడదు, అండాశయం దాకా దాని చెయ్యి వెళ్తుంది.

పాలల్లోకి వస్తుందా అన్న మీ భయానికి జవాబు: ఆక్సిటోసిన్ తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. రక్తంలో నిమిషాల్లోనే విరిగిపోతుంది. ఒకవేళ పాలల్లో ఏ కాస్త ఉన్నా కడుపులో పప్పులోని మాంసకృత్తుల్లాగే అరిగిపోతుంది. మీ కోడలు తాగిన పాల గురించి బెంగ వద్దు. అయితే సూది, సీసా తను పట్టుకోవద్దు. కాన్పు నొప్పులు రప్పించడానికి ఆస్పత్రుల్లో వాడే మందు అదే. నష్టమంతా గేదెకే. ఒకే సూదితో రోజూ పొడవడం వల్ల చీముగడ్డలు, అలవాటైపోయి సూది లేనిదే చేపకపోవడం. పాలు ఎక్కువ తీయడానికి పశువు ఆరోగ్యం చెడిపోయేలా సూదులు వేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 12వ సెక్షన్ కింద నేరం కూడా.

గేదెకు సూది ఎందుకు అవసరమవుతోందంటే, దాని పొదుగు కట్టుబాటు అలాంటిది. ఆవు పాలలో ఐదో వంతు దాకా పొదుగు కింది గదిలో దిగి సిద్ధంగా ఉంటాయి. గేదెలో ఆ భాగం నూటికి ఐదు పాళ్లే, మిగతాదంతా పైన సన్నటి తిత్తుల్లో ఉంటుంది. ఒంట్లో ఆక్సిటోసిన్ ఊరి ఆ తిత్తులను పిండితేనే కిందికి దిగుతాయి. దూడ మూతి తగలగానే ఊరే మందు అది, బెదిరినా నొప్పి పుట్టినా ఆగిపోతుంది. సూది నొప్పే దానికి అడ్డం, ఆ నొప్పికి మళ్లీ సూదే మందు! ఇదొక గుండ్రటి దారి.

ఒక్కరోజులో మానేస్తే పొదుగులో పాలు నిలిచి వాపు వస్తుంది. డాక్టరుతో మాట్లాడి మోతాదును రెండు మూడు వారాల్లో కొద్దికొద్దిగా తగ్గించండి. రోజూ ఒకే మనిషి, ఒకే వేళ, ఒకే చోట పితకాలి. గోరువెచ్చటి నీళ్లతో పొదుగు కడిగి, రెండు మూడు నిమిషాలు నిమరండి, దూడ కుమ్మినట్టు కింద నుంచి మెల్లగా తట్టండి. ఆ పూట దాణా అప్పుడే ముందు పెట్టండి, పితికేటప్పుడు తప్ప ఇంకెప్పుడూ పెట్టకండి. వారం పదిరోజుల్లో దాణా తట్ట చప్పుడుకే చేపడం మొదలవుతుంది. మా చిన్నప్పుడు చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి ముందు నిలబెట్టేవాళ్లు. పనిచేసేది గానీ, దూడ ఏ జబ్బుతో పోయిందో తెలియకుండా అది చేయమని చెప్పలేను.

మీ ఆయనకు ఈ తేదీలు చూపించి, అమ్మకం మాట జూన్ దాకా ఆపమనండి. మే 14 ప్రాంతంలో గర్భధారణ సూది పడితే, జూన్ 4కు అటూ ఇటూగా చీటీలో పాలు మళ్లీ తగ్గాయేమో చూడండి, రెండు రాత్రులు మళ్లీ టార్చి పట్టుకోండి. ఎద జాడ లేకపోతే జులై రెండో వారం దాటాక చూడి పరీక్ష చేయించండి. కడితే మార్చి 20 ప్రాంతంలో ఈనుతుంది. అప్పుడు మాయను ఎవరి చేతా లాగించకండి, 12 గంటలు దాటినా పడకపోతే డాక్టరును పిలవండి.